చంకలో బిళ్ళ

జడ్చర్ల,
2 ఆగస్టు 2021

అక్కకు మంజుల రాసేది.

ఫోనుండగా ఉత్తరమేమిటని నవ్వుతావు. నవ్వుకో. ఈ ఇంట్లో ఫోను మోగితే మీ మరిది స్పీకరు పెడతాడు, మా అత్త సుక్కమ్మ పక్కన చేరి నువ్వు అడగనివాటికి కూడా జవాబులు చెబుతుంది. నీకేమో ఎడమ చెవి వినపడదు, కుడి చెవి వినాలనుకోదు. రొమ్ము అనే మాట వీధి దాకా వినపడేలా నేను అరవలేను. అందుకే ఉత్తరం.

పోయిన వారం మా బజారులోకి రొమ్ము పరీక్షల బండి వచ్చింది. నా దగ్గర చీరలకు ఫాల్ కుట్టించుకునే జబీన్ వెళ్తూ నన్నూ లాక్కుపోయింది. అమ్మను తీసుకుపోయిన జబ్బు కదా, చూపించుకుంటే పోయేదేముందని వెళ్ళాను. రొమ్ములో ఏమీ లేదట. ఎడమ చంకలో మాత్రం బిళ్ళలు వాచి ఉన్నాయట. పెద్ద దవాఖానలో చూపించుకోమన్నారు.

రోడ్డు మీది అద్దాల దవాఖానకు వెళ్ళాం. డాక్టరు నా మొహం చూడలేదు, తెర చూశాడు. "మీ ఇంట్ల ఎవరికన్న ఉండెనా?" అన్నాడు. "మా అమ్మకు" అన్నాను. ఆ ఒక్క మాటతో నా కథ ముగిసినట్టు తలూపాడు. "రేపే అడ్మిట్ గండి. ముక్క తీస్తం. ఆపరేషన్ సంగతి గూడ అప్పుడే మాట్లాడుకుందం." తర్వాత ఒక పిల్ల వచ్చి, పెళ్ళి మంటపం బుక్ చేయించేటంత నవ్వుతో, గదుల ఫొటోలు చూపించింది. ఏసీ కావాలా, మామూలుదా అని.

ఇంటికొచ్చేసరికి మా అత్త నా మంచినీళ్ళ గ్లాసు వేరే గూట్లో పెట్టింది. "అంటుకుంటదో ఏమో బిడ్డ, ఎవలకెరుక" అంది. ముప్ఫై ఏళ్ళుగా ఆమె నోటి నుంచి నాకు అంటుకోనిది నా చంక నుంచి ఆమెకు అంటుకుంటుందట.

మీ మరిది ఏమీ అనడు. స్పేర్ పార్టుల దుకాణం తొందరగా కట్టేసి వచ్చి గోడ వైపు చూస్తూ కూర్చుంటాడు. రాత్రి నిద్ర పట్టడం లేదక్కా. అమ్మ మంచం గుర్తొస్తోంది. బావకు చెప్పకు. ఆయనకు చెబితే గొర్రెలకు కూడా తెలుస్తుంది.

నీ చెల్లె
మంజుల


కేతేపల్లి,
9 ఆగస్టు 2021

మంజులా,

రొమ్ములో ఏమీ దొరకలేదని చంకలో వెతికారా? ఇల్లంతా వెతికి దొంగ దొరక్కపోతే పక్కింటాయన్ని పట్టుకున్నట్టుంది. ఆ నవ్వే పిల్లను నా ముందుకు తీసుకురా, ఏ గది కావాలో నేను చెబుతాను.

అడ్మిట్ కావద్దు. ముక్క తీయనివ్వొద్దు. సూది తగిలితే ఆ జబ్బు నిద్ర లేచి ఒళ్ళంతా పాకుతుంది. అమ్మకు అట్లాగే అయింది. సూది వేసిన తర్వాత ఎన్నాళ్ళు బతికింది? బోనాలకు సూది వేస్తే దీపావళి చూడలేదు.

మీ బావకు నేను చెప్పలేదు. ఉత్తరం తెచ్చి ఇచ్చింది ఆయనే, నా మొహం చూసి అడిగాడు, నేను ఊకున్నాను. ఊకోవడం నాకు రాదని ఆయనకు తెలుసు, అర్థం చేసుకున్నాడు. సాయంత్రానికి గొర్ల మందల దగ్గర, రాత్రికి వాడకట్టంతా. తెల్లారి ఆడవాళ్ళు కొంగులు నోట్లో కుక్కుకుని వచ్చారు. ఒకామె "మంజుల ఇగ లేదా అక్కా" అంది. "లేదు, జడ్చర్లల ఉన్నది" అన్నాను. చాయ్ కూడా పోయలేదు. బతికున్న మనిషికి ఏడ్చేవాళ్ళకు నా ఇంట్లో చాయ్ లేదు.

మీ అత్తకు చెప్పు: ఆ గ్లాసు ఆమెనే ఉంచుకొమ్మను, ఆమె దినాలకు పనికొస్తుంది.

మీ బావ పసరు మందు ఇచ్చే ఒకాయన్ని తీసుకుని బయల్దేరుతున్నాడు. ఆయన మందు మింగి ఉపవాసం ఉంటే గడ్డలు కరిగిపోతాయట. నమ్మకమో కాదో నాకూ తెలియదు. చేతులు కట్టుకుని కూర్చోలేక పంపుతున్నాను.

తిను. తినకపోతే ఆ జబ్బుకన్నా ముందు నేనే నిన్ను చంపుతాను.

జానమ్మ


జడ్చర్ల,
17 ఆగస్టు 2021

అక్కా,

మీ పసరాయన వచ్చాడు, పోయాడు. వచ్చీ రాగానే కోడికూర ఉందా అని అడిగాడు. ఉపవాసం నాకేనట. తిన్నాక నా చంక చూస్తానన్నాడు. పదిహేను రోజుల నుంచి నోరు విప్పని మీ మరిది అప్పుడు విప్పాడు. "చూసుడేంది? లే, నడు" అన్నాడు. కాటమయ్య బావ తలదించుకుని చెప్పులు తొడుక్కున్నాడు. పాపం, బావను ఏమీ అనకు. బస్సెక్కే ముందు నా తల మీద చెయ్యి పెట్టాడు.

ఇంకో ముచ్చట. మీ మరిది మేనత్త నన్ను పలకరించడానికి వనపర్తి నుంచి వచ్చింది. నేను వంటింట్లో ఆమెకే చాయ్ పెడుతున్నాను. బయట మా అత్తతో అంటోంది: "నర్సింహకు రేపు వండిపెట్టేటోళ్ళు ఎవలు? మా ఆడిబిడ్డ బిడ్డ ఉన్నది, మొగడిడిసిపెట్టిండు, పనిమంతురాలు." నేను చాయ్ తెచ్చి ఆమె చేతిలో పెట్టి, "ఆమెను జల్ది పంపు చిన్నత్తా, నాకు గూడ పనిల సాయముంటది" అన్నాను. చాయ్ సగం వదిలేసి లేచింది.

ఇక అసలు సంగతి. జబీన్ నన్ను వదలలేదు. మహబూబ్‌నగర్‌లో తాహేరా అని రొమ్ము జబ్బుల డాక్టరమ్మ ఉంటే పట్టుకుపోయింది. ఆమె ఫిల్ములు పక్కన పెట్టి ముందు నన్ను కూర్చోమంది. చేయి ఎత్తించి చంక తడిమింది. "కరోనా టీకా ఏసుకున్నవా అమ్మా?" అంది.

"రెండోది గూడ అయిపోయింది మేడం."

"ఎప్పుడు? ఏ చెయ్యికి?"

"బండి వచ్చే ముందు వారమే. గీ ఎడమ చెయ్యికి."

ఆమె పెన్ను టేబుల్ మీద పడేసింది. "గీ మాట నిన్ను ఎవరూ అడగలేదా?"

"అడగలే మేడం."

"కాలుకు ముల్లు ఇరిగితే గజ్జల బిళ్ళ కడ్తదా లేదా?"

"కడ్తది."

"చెయ్యికి సూది గుచ్చితే చంకల కడ్తది. టీకా లోపలికి పోయింది, ఒళ్ళు దాంతోని కొట్లాట నేర్చుకుంటున్నది. మస్తు మందికి గిట్లనే అయితున్నది. కాకుంటే మీ అమ్మకు ఉండె కాబట్టి నేను ఊకనే వదిలిపెట్ట. మూడు నెలలకు మల్ల స్కాన్ చేస్తా. అప్పటికి తగ్గకుంటే అప్పుడు సూది పెట్టి చూస్తా. గీ నడుమల రొమ్ముల గడ్డ తగిలినా, ఇంకేం తేడా అనిపించినా, ఆగకుండ రా."

అంతే అక్కా. తెర చూసినాయన, గదులు చూపించిన పిల్ల, అంత పెద్ద అద్దాల మేడలో ఒక్కరికీ ఆ ఒక్క ప్రశ్న రాలేదు.

మూడు నెలలు ఆగాలి. భయం పోయిందని చెప్పను. కానీ అన్నం దిగుతోంది.

మంజుల


కేతేపల్లి,
24 ఆగస్టు 2021

మంజులా,

నేను చెప్పలేదా? మొదటి నుంచీ చెబుతూనే ఉన్నాను. ఆ టీకా మనుషులకు వేసేది కాదు. మీ డాక్టరమ్మే ఒప్పుకుంది కదా, సూది వల్లే గడ్డలు లేచాయని. గొర్రెలకు టీకాలు వేయిస్తే నాలుగు రోజులు మేత ముట్టవు. అవి చెప్పలేవు కాబట్టి సరిపోయింది.

నీ ఉత్తరం రాగానే మా మహిళా సంఘం మీటింగులో చెప్పాను. "మా చెల్లెకు టీకా వల్ల చంకల గడ్డలు లేసినయ్. డాక్టరే చెప్పింది" అన్నాను. రెండో సూది వేయించుకోవాల్సిన వాళ్ళంతా ఆగిపోయారు. ఆశా వర్కరు వచ్చి గడప ముందు బతిమాలుకుంటోంది. "ముందుగాల మా చెల్లె చంక చూసిరా పో" అని పంపించాను. నేనూ, మీ బావా కూడా మొదటిదే వేయించుకున్నాం. రెండోది ఇక ఈ జన్మలో లేదు.

అద్దాల దవాఖాన మీద కేసు వేయరాదూ? మీ మరిదికి గోడను చూడడం తప్ప ఇంకేమైనా వచ్చా?

ఇక్కడ వానలు బాగా పడ్డాయి. పత్తి నిలబడింది. మూసీ ఎడమ కాలువలో నీళ్ళొచ్చాయి. గొర్రెలకు గిట్టల పుండ్లు. నేను బాగానే ఉన్నాను.

జానమ్మ


జడ్చర్ల,
1 సెప్టెంబరు 2021

సంఘం లీడరు జానమ్మ గారికి,

నువ్వు ఉత్తరాలు చదవవు, ఏరుకుంటావు. అందరూ పప్పు ఉంచుకుని రాళ్ళు పారేస్తారు. నువ్వు రాళ్ళు దాచుకుని పప్పు పారబోశావు.

డాక్టరమ్మ ఏమంది? ఒళ్ళు కొట్లాట నేర్చుకుంటోందంది. గడ్డ లేవడం వేరు, బిళ్ళ కట్టడం వేరు. నీ కాలికి ముల్లు గుచ్చుకుని బిళ్ళ కడితే కాలు తీసేయించుకున్నావా? చేలోకి పోవడం మానేశావా? నాలుగు రోజులు కుంటి మళ్ళీ కలుపుకు పోయావు.

నా చంకను ఊరంతా ఊరేగించావు, పోనీ. కానీ ఆ పేరు చెప్పి అంతమంది ఆడవాళ్ళ సూదులు ఆపావు చూడు, దానికి నిన్ను ఏమనాలో తెలియడం లేదు. మే నెలలో నీ తోడికోడలు మైసమ్మను ఎట్లా తీసుకుపోయారో మర్చిపోయావా? పాలిథిన్ సంచిలో చుట్టి, మొహం కూడా చూపించకుండా. నలుగురు మోయాల్సిన మనిషిని ట్రాక్టరు మోసింది. ఆ రోజు ఫోన్లో నువ్వు ఎట్లా ఏడ్చావో నేను స్పీకర్ లేకుండానే విన్నాను. ఆమెకు ఒక్క సూది కూడా పడలేదు. నీకు చంకలో బిళ్ళ భయమా, ట్రాక్టరు భయమా?

అమ్మ సంగతి కూడా తప్పే చెబుతున్నావు. సూది వేసినందుకు అమ్మ పోలేదు. వేపాకు నూరి కట్టుకుని, కుంపటి సెగ తగిలిందని మనకు చెప్పి, పుండు పగిలి చీర తడిసేదాకా దాచింది. అప్పుడు పడింది సూది. పోయే రైలు ఎక్కిన మనిషిని టికెట్ ఇచ్చినవాడు చంపాడంటావు నువ్వు.

మళ్ళీ మీటింగు పెట్టు. నా ఉత్తరం చదివి వినిపించు. అప్పటిదాకా నాకు రాయకు.

మంజుల


కేతేపల్లి,
3 అక్టోబరు 2021

మంజులకు,

రాయొద్దన్నావు కాబట్టి నెల రోజులు రాయలేదు. ఇప్పుడు నువ్వు చెప్పింది చేశాను కాబట్టి రాస్తున్నాను.

మీటింగు పెట్టాను. ఉత్తరం చదివాను. పప్పు రాళ్ళ ముచ్చట కూడా వదలకుండా చదివితే అందరూ పడీ పడీ నవ్వారు. నన్ను చూసి అంత సంతోషంగా వాళ్ళు ఎప్పుడూ నవ్వలేదు. ట్రాక్టరు దగ్గరికొచ్చేసరికి ఎవరూ నవ్వలేదు. మర్నాడే అందరం ఆటోల్లో పోయి రెండో సూది వేయించుకున్నాం. మీ బావ జబ్బ చూపించి కళ్ళు మూసుకుని గొర్రె కంటే హీనంగా వణికాడు. నేను ఎడమ చేతికి వేయించుకున్నాను. రెండు రోజులు జ్వరం. ఆశా వర్కరు నా దగ్గరకొచ్చి, "జానమ్మత్తా, ఇప్పుడు చూడాల్నా మీ చెల్లె చంక?" అంది. తిట్టలేకపోయాను. నోట్లో థర్మామీటరు ఉంది.

ఇంకొక మాట. పెద్దదేమీ కాదు. బిళ్ళ నాకూ ఉంది. నీలాగే టీకాదే అయి ఉంటుంది. చంకలో కాదు, కుడి రొమ్ము మీద, పైభాగాన, చింతగింజంత. నొప్పి లేదు. గట్టిగా ఉంది, వేళ్ళకు కదలదు. ఉగాదికి తలంటుకుంటుంటే మొదటిసారి తగిలింది. మొదటి టీకా ఏప్రిల్ ఆఖర్లో కదా అంటావేమో, చిన్నప్పటి నుంచి ఎన్ని టీకాలు వేయలేదు? ఏదో ఒకదానిది అయి ఉంటుంది. మీ డాక్టరమ్మ నీకు మూడు నెలలు ఆగమంది కాబట్టి నేనూ ఆగుతున్నాను. ఆ లెక్కన సంక్రాంతి దాకా ఫికర్ లేదు.

ఎవరికీ చెప్పలేదు. నువ్వూ చెప్పకు. బతుకమ్మకు తంగేడు పూలు ఈసారి బాగా పూశాయి.

అక్క


జడ్చర్ల,
7 అక్టోబరు 2021

అక్కా,

ఈ ఉత్తరం నీకు అందే లోపల నేనే నీ ముందుంటాను. అయినా రాస్తున్నాను. ఎదురుగా ఉంటే ఏడుస్తాను తప్ప తిట్టలేను. నిన్ను తిట్టాలి.

టీకా బిళ్ళ చంకలో కడుతుంది. నీది రొమ్ములో. టీకా ఎడమ చేతికి. నీది కుడివైపు. టీకా ఏప్రిల్ ఆఖర్న. నీది ఉగాది నాటిది. కొట్టబోయే దెబ్బకు ముందే వాపొస్తుందా? ఏడో తరగతి చదివావు, సంఘం నడిపావు, బ్యాంకు మేనేజర్లను నిలబెట్టి అడిగావు. ఈ మాత్రం తెలియలేదా? తెలుసు. తెలిసే నా బిళ్ళ చాటున నీ గడ్డను దాచావు.

నన్ను మూడు నెలలు ఆగమన్నది డాక్టరు. చూసి, తడిమి, ఏ చెయ్యో అడిగి, తన పూచీ మీద ఆగమంది. రొమ్ములో గడ్డ తగిలితే మాత్రం ఆగొద్దంది, అదీ నీకు రాశాను. ఆ ముక్క ఏరుకోలేదా? నిన్ను ఆగమన్నది ఎవరు? నువ్వే. మీ పసరాయన అయినా కోడికూర తిన్నాకే వైద్యం మొదలుపెడతానన్నాడు, నువ్వు అది కూడా లేకుండా డాక్టరువై కూర్చున్నావు.

ఆరు నెలలు. ఆ ఆరు నెలల్లో నాకు తిను అని రాశావు, మా అత్తను తిట్టావు, నా ఇంటికి మందు పంపావు. నేను చస్తానేమోనని నువ్వు ఏడుస్తుంటే నీ గడ్డ నీ దగ్గరే ఉంది. దాన్ని చేత్తో తాకి మళ్ళీ జాకెట్ హుక్కులు పెట్టుకున్నావు. అచ్చం అమ్మలాగే.

మీ మరిది కూడా వస్తున్నాడు. నేను చెప్పాను. అవును, చెప్పాను. "తయారు గా, మీ అక్క రానంటే ఎత్తుకొస్తం" అన్నాడు. నల్లగొండలో బస్సు మారి రేపు మధ్యాహ్నానికి వస్తాం. నీ బట్టలు నేనే సర్దుతాను. సద్దుల బతుకమ్మ నాటికి వస్తావో రావో తెలియదు. పూలు నువ్వు లేకపోయినా పూస్తాయి.

మంజుల


జడ్చర్ల,
19 నవంబరు 2021

అక్కకు,

నీ కుట్లు మానుతున్నాయని బావ ఫోన్లో చెప్పాడు. స్పీకరు పెట్టుకునే విన్నాం. మా అత్త కూడా విని "దేవుడున్నడు" అంది. ఎప్పుడూ లేనిది, అంతకు మించి మాట్లాడలేదు.

నిన్న తాహేరా మేడం దగ్గర నా స్కాన్ అయింది. బిళ్ళలు మామూలుగా అయిపోయాయి. ఇక ఏటేటా ఒకసారి చూపించుకుంటే చాలంది. బయటికొచ్చి మెట్ల మీద కూర్చున్నాను. జబీన్ మిఠాయి తెస్తానంటే వద్దన్నాను. నాకు సంతోషం రాలేదక్కా, సిగ్గేసింది. నాది ఏమీ కాకుండా పోయింది, నీది అదే అయింది. నాకోసం ఊరంతా ఏడ్చింది, నువ్వు ఆ గడ్డను మోసిన ఆరు నెలలూ నీ దగ్గర ఎవరూ లేరు.

మేడం నీ సంగతి అడిగింది. పట్నం దవాఖానలో నీకు స్కాన్ చేసేటప్పుడు వాళ్ళు టీకా ఏ చేతికని ముందే అడిగారని చెబితే సంతోషపడింది. టీకా పడిన ఎడమ చంకలో బిళ్ళలున్నాయని, గడ్డ ఉన్న కుడి వైపు చంక శుభ్రంగా ఉందని చెప్పాను. "అదే మంచి వార్త. పాకలేదన్నట్టు. మీ అక్క ఇంకో ఆరు నెలలు ఆగి ఉంటే గిట్ల చెప్పుకునేటోళ్ళం కాదు" అంది.

రేడియేషన్ అంటారే, ఆ కరెంటు పెట్టడం మొదలవగానే నేను పట్నం వస్తాను. ఎవరూ తోడు అక్కర్లేదని నువ్వు బావతో అన్నావట. నీ అభిప్రాయం ఎవరూ అడగలేదు.

మంజుల


కేతేపల్లి,
20 ఫిబ్రవరి 2022

మంజులా,

పోయిన వారంతో కరెంటు పెట్టడం అయిపోయింది. తోలు కమిలి వంకాయ రంగుకొచ్చింది. మందు బిళ్ళలు రోజుకొకటి ఏళ్ళ తరబడి మింగాలట. ఇక మళ్ళీ మే నెలలో చూస్తారు.

నువ్వు నవంబరులో రాసిన దానికి జవాబు ఇప్పుడు రాస్తున్నాను. అప్పుడు చెయ్యి ఎత్తడం రాలేదు. పట్నంలో పక్క మంచం మీద రోజూ పడుకుని కూడా నువ్వు ఆ మాట మళ్ళీ ఎత్తలేదు, నేనూ ఎత్తలేదు. నీ బిళ్ళలు తగ్గితే సిగ్గుపడ్డావా? సిగ్గుపడే పనులు నువ్వు చాలా చేశావు, ఇది వాటిలో లేదు. నీ చంకలో బిళ్ళ కట్టకపోతే నేను ఆ గడ్డ గురించి ఎవరికీ రాసేదాన్ని కాదు. నీలాంటిదేనని అబద్ధమాడుకుంటేనే ఆ మాట బయటికి వచ్చింది. నిజం చెప్పే ధైర్యం లేని మనిషికి అబద్ధం అయినా పనికొచ్చింది.

ఇక్కడ పలకరింపులు మొదలయ్యాయి. కొంగులు నోట్లో కుక్కుకునే ముఠా మళ్ళీ వచ్చింది. ఈసారి చాయ్ పోశాను, ఎందుకంటే వాళ్ళను కూర్చోబెట్టాలి. అందరూ కూర్చున్నాక తలుపేసి జాకెట్ హుక్కులు విప్పి కోత చూపించాను. ఒకామె మొహం తిప్పుకుంది. "ఎందుకు తిప్పుకుంటవ్? నీకు లేవా?" అన్నాను. "రొమ్ము అనుడుకు గంత సిగ్గయితే ఇంక పుండు పగిలినంక ఏమంటరు? చూడుండ్రి. భయపడుండ్రి. భయపడి దవాఖానకు పోండ్రి." మీ బావ బయట అరుగు మీద ఉండి అంతా విన్నాడు. లేచి గొర్రెల దగ్గరికి పోయాడు. సాయంత్రం వచ్చి, "రేపు ఆటో మాట్లాడాల్నా?" అని మాత్రం అడిగాడు.

మాట్లాడమన్నాను. ఆటో నిండి, ఇద్దరు డ్రైవరు పక్కన కూర్చున్నారు. మొహం తిప్పుకున్నామె అందరికంటే ముందు ఎక్కింది. దారిలో నా చెయ్యి పట్టుకుంది. ఎన్నాళ్ళ నుంచి దాస్తోందని నేను అడగలేదు. నాకు తెలిసిన సంగతే కదా.

అమ్మ పోయేనాటికి యాభై ఆరు. నాకు ఈ ఉగాదికి యాభై ఆరు నిండుతాయి. అమ్మ జుట్టు పూర్తిగా తెల్లబడితే ఎట్లా ఉండేదో, పళ్ళూడితే ఎట్లా నవ్వేదో మనిద్దరికీ తెలియదు. నీకు చూడాలనుంటే అప్పుడప్పుడూ వచ్చి నన్ను చూసిపో. నేను తొందరగా ముసలిదాన్నయ్యేటట్టున్నాను, నువ్వు పెట్టే తిప్పలకు.

అక్క జానమ్మ